ద డ్యామ్డ్ వినాలంటే ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

బ్రిటన్‌లో వచ్చిన మొట్టమొదటి పంక్ (1970ల మధ్యలో పుట్టిన వేగమైన, మొరటు రాక్) సింగిల్ ఏదని వెతికితే ద డ్యామ్డ్ అనే బ్యాండ్ పేరు తగులుతుంది. స్టిఫ్ రికార్డ్స్ 1976 అక్టోబర్ 22న ‘న్యూ రోజ్’ విడుదల చేసింది. సెక్స్ పిస్టల్స్ తొలి సింగిల్ వచ్చింది ఆ తర్వాత నెలకి. సరే, విందామని యాప్‌లో పేరు కొడతారు. ‘న్యూ రోజ్’ మూడు నిమిషాలైనా లేని పరుగు. దాని తర్వాత ‘ఎలోయిజ్’ మొదలవుతుంది: కీబోర్డులు, ఆర్కెస్ట్రా హంగు, గుండెలు బాదుకునే ప్రేమ, పూర్తిగా ఐదు నిమిషాలు. రెండూ ఒకే బ్యాండువా అని అనుమానం వస్తుంది.

పేరైతే ఒకటే. మొదటినుంచి ఇప్పటిదాకా వరసగా ఉన్న మనిషి మాత్రం గాయకుడు డేవ్ వేనియన్ ఒక్కడే. గిటారిస్టు మారాడు, డ్రమ్మర్ వెళ్లి వచ్చి మళ్లీ వెళ్లి మళ్లీ వచ్చాడు, బేస్ వాయించినవాళ్లను లెక్కపెట్టడానికి రెండు చేతులు కావాలి. మనిషి మారినప్పుడల్లా పాట స్వభావమూ మారింది. అందుకే ఏ ఆల్బమ్ గొప్పదన్న వాదన తర్వాత పెట్టుకోవచ్చు. ఎవరు పాటలు కట్టిన కాలపు డ్యామ్డ్ మీ చెవికి పడుతుందో ముందు తేలాలి.

ముందు చూసుకోవాల్సినవి

పాటలు కట్టింది ఎవరన్నది అన్నిటికంటే ముఖ్యం. మొదటి ఆల్బమ్ దాదాపు మొత్తం గిటారిస్టు బ్రయాన్ జేమ్స్‌ది. అమెరికాలోని స్టూజెస్, ఎంసీ5 లాంటి బ్యాండ్ల మొరటుతనం అతనికి ప్రాణం. 1979 ఆల్బమ్ నుంచి గిటారు పట్టిన కెప్టెన్ సెన్సిబుల్‌కి మాత్రం 1960ల బ్రిటిష్ పాప్ బాణీలన్నా, మత్తులో తేలినట్టుండే సైకడెలిక్ సంగీతమన్నా మోజు. ఒకడిది రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటారు వరస), ఇంకొకడిది రాగం. ఈ తేడా పట్టుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

రెండోది కీబోర్డు వాటా. 1977లో దాదాపు సున్నా. 1979లో అక్కడక్కడా ఆర్గన్. 1982కల్లా గిటారుతో సమానం. 1985లో గిటారు కంటే ఎక్కువ. పంక్ అంటే గిటారే అనుకునేవాళ్లు ఈ వరస చూసుకుని ఎక్కడ ఆగాలో నిర్ణయించుకోవచ్చు.

మూడోది వేనియన్ గొంతు. బ్యాండ్‌లో చేరకముందు కాటికాపరిగా పనిచేసిన మనిషి. మొదటిరోజునుంచీ నల్లబట్టలు, తెల్లటి ముఖంతో రక్తపిశాచి వేషమే. వేషానికి తగ్గ గొంతు మాత్రం మెల్లగా బయటికొచ్చింది. తొలి ఆల్బమ్‌లో మాటలు విసిరికొడతాడు. 1980 నుంచి మంద్రంలో నిలబడి, పాటను సాగదీసి పాడతాడు. గాత్రం కోసం వినేవాళ్లు 1977 దగ్గర ఆగిపోతే నష్టపోతారు.

చార్టు స్థానాన్ని కొలతగా పెట్టుకోవద్దు. కింది పట్టిక చూడండి. చరిత్రను మార్చిన ఆల్బమ్ 36 దగ్గర ఆగింది. ఆల్బమ్ చార్టులో మొదటి పది స్థానాల్లోకి బ్యాండ్ చేరడానికి 2018 దాకా పట్టింది.

| ఆల్బమ్ | ఏడాది | గిటార్ | బేస్ | బ్రిటన్ చార్టు | స్వభావం |
|---|---|---|---|---|---|
| డ్యామ్డ్ డ్యామ్డ్ డ్యామ్డ్ | 1977 | బ్రయాన్ జేమ్స్ | కెప్టెన్ సెన్సిబుల్ | 36 | ముడి వేగం |
| మెషీన్ గన్ ఎటికెట్ | 1979 | సెన్సిబుల్ | ఆల్జీ వార్డ్ | 31 | వేగం, బాణీ రెండూ |
| ద బ్లాక్ ఆల్బమ్ | 1980 | సెన్సిబుల్ | పాల్ గ్రే | 29 | చీకటి, సైకడెలిక్, పొడవు |
| స్ట్రాబెర్రీస్ | 1982 | సెన్సిబుల్ | పాల్ గ్రే | 15 | పాప్, కీబోర్డు |
| ఫాంటాస్మగోరియా | 1985 | రోమన్ జగ్ | బ్రిన్ మెరిక్ | 11 | గోత్ (చీకటి, విషాదపు రాక్) |
| ఈవిల్ స్పిరిట్స్ | 2018 | సెన్సిబుల్ | పాల్ గ్రే | 7 | 60ల రంగు, నిదానం |

మొదటి ఐదింటిలోనూ డ్రమ్స్ రాట్ స్కేబీస్‌వే. ఆరోదాంట్లో అతను లేడు.

డ్యామ్డ్ డ్యామ్డ్ డ్యామ్డ్ (1977)

ఫిబ్రవరి 18న వచ్చింది. బ్రిటిష్ పంక్‌లో తొలి ఎల్‌పీ ఇదే. లండన్‌లోని పాత్‌వే అనే చిన్న ఎనిమిది ట్రాకుల స్టూడియోలో నిక్ లో నిర్మాణంలో తీశారు. 12 పాటలు, మొత్తం కలిపి అరగంట పైన ఒకటి రెండు నిమిషాలు. ‘స్టాబ్ యోర్ బ్యాక్’ అయితే మొదలైన నిమిషానికే అయిపోతుంది.

ఇందులో గమనించాల్సింది డ్రమ్స్. ‘న్యూ రోజ్’ మొదట్లో వేనియన్ ఒక ముక్క మాట అంటాడు. 1964 నాటి షాంగ్రీ లాస్ అనే అమ్మాయిల బృందం పాటలోంచి ఎత్తిన మాట అది, వెక్కిరింతకి. వెంటనే స్కేబీస్ టామ్ డ్రమ్ముల మీద పడతాడు. పాట పరుగంతా ఆ నాలుగు సెకన్లలోనే ఖాయమైపోతుంది. ‘నీట్ నీట్ నీట్’ని మాత్రం సెన్సిబుల్ బేస్ లాక్కెళుతుంది. చివరి పాట స్టూజెస్‌ది.

చిక్కు ఎక్కడంటే, పాటలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. వరసగా వింటే ఆరో పాట దగ్గర ‘ఇది ఇందాకే విన్నాం కదా’ అనిపించే ప్రమాదం ఉంది. పంక్ కొత్తవాళ్లకు ఇదే మొదట వినమని అందరూ చెబుతారు. చరిత్ర కోసమైతే సరే, ఇష్టం పుట్టించడానికి ఇది సరైన దారి కాదు. ముందు ‘నీట్ నీట్ నీట్’, ‘న్యూ రోజ్’, ‘ఫ్యాన్ క్లబ్’ మూడూ విడిగా వినండి. మూడోది ఈ ఆల్బమ్‌లో కొంచెం ఊపిరి పీల్చుకునే పాట. మూడూ నచ్చితే మొత్తం పెట్టుకోండి. చిన్న ఇయర్‌బడ్లలో తీగల గరుకు చెవికి గుచ్చుకుంటుంది. మామూలు స్పీకరులో వింటే బేస్, డ్రమ్స్ దాన్ని మోస్తాయి.

అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన ‘మ్యూజిక్ ఫర్ ప్లెజర్’ మొదటిసారికి వద్దు. పింక్ ఫ్లాయిడ్ తొలి గాయకుడు సిడ్ బారెట్ నిర్మాతగా కావాలనుకున్నారు, ఆ బ్యాండ్ డ్రమ్మర్ నిక్ మేసన్ దొరికాడు. అతని పద్ధతికీ వీళ్ల తొందరకీ పొత్తు కుదరలేదు. చార్టు ఎక్కలేదు, స్టిఫ్ వదిలేసింది, 1978 మొదట్లో బ్యాండ్ విడిపోయింది.

మెషీన్ గన్ ఎటికెట్ (1979)

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తేలక ఒక్కటే చెప్పమంటే సమాధానం ఇదే.

జేమ్స్ లేకుండా మిగతావాళ్లు 1978లో మళ్లీ కలిశారు. పేరు విషయంలో పేచీ రాకుండా కొన్నాళ్లు ‘ద డూమ్డ్’ అని తిరిగారు. ఒక కచేరీకి మోటర్‌హెడ్ బ్యాండ్ లెమ్మీ బేస్ వాయించాడు. బేసిస్టు సెన్సిబుల్ గిటారుకి మారాడు. ఈ ఒక్క మార్పే అంతా తిప్పేసింది. అతనికి కీబోర్డూ వచ్చు, బాణీలూ తడతాయి, సోలో వాయించడానికి సిగ్గుపడడు. పంక్‌లో సోలో వాయించడం అప్పట్లో దాదాపు తప్పు లెక్క. బేస్‌కి ఆస్ట్రేలియా బ్యాండ్ సెయింట్స్‌లో వాయించిన ఆల్జీ వార్డ్ వచ్చాడు. ‘లవ్ సాంగ్’ మొదట్లో రేకుల షెడ్డు మీద రాళ్లు దొర్లినట్టు వినిపించే ఆ బేస్ అతనిదే. ఆ సింగిల్ 20వ స్థానం దాకా వెళ్లింది. నలుగురి ముఖాలతో నాలుగు రకాల కవర్లు వేసి అమ్మారు.

ఆల్బమ్‌ని లండన్ వెసెక్స్ స్టూడియోలో తీశారు. అదే సమయంలో అక్కడ క్లాష్ బ్యాండ్ ‘లండన్ కాలింగ్’ పనిలో ఉంది. టైటిల్ పాటలో వెనక వినిపించే కేకల్లో ఆ బ్యాండ్ గాయకుడు జో స్ట్రమర్ గొంతూ ఉంది, కవరు మీద పేరు లేదంతే.

దీన్ని మొదట ఎందుకు వినమంటున్నామంటే, ముందూ వెనకా ఉన్న డ్యామ్డ్‌లు రెండూ ఇందులో ఉన్నాయి. టైటిల్ పాట రెండు నిమిషాలైనా ఉండదు, 1977 కోపం అందులో ఉంది. ‘ఐ జస్ట్ కాంట్ బీ హ్యాపీ టుడే’లో సెన్సిబుల్ ఆర్గన్ రాబోయే రోజుల్ని చెప్పేస్తుంది. ‘ప్లాన్ 9 చానెల్ 7’ ఐదు నిమిషాలు. వేనియన్‌లోని రక్తపిశాచి మొదటిసారి నిదానంగా తెర మీదికి వచ్చేది అక్కడే. ఎంసీ5 పాట ‘లుకింగ్ ఎట్ యు’లో సెన్సిబుల్ గిటారు అదుపు తప్పినట్టే తప్పి చక్కగా ఇల్లు చేరుతుంది.

చివర్లో ‘స్మాష్ ఇట్ అప్’. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. పాట రెండు భాగాలు. సింగిల్‌గా వచ్చి ప్లేలిస్టులన్నిటా తిరిగేది రెండో భాగం. మొదటి భాగం మాటలు లేని నెమ్మది గిటారు, 1977లో కారు ప్రమాదంలో పోయిన మార్క్ బోలన్ తలపులో కట్టింది. అదే ఏడాది మార్చిలో బోలన్ తన టీ రెక్స్ పర్యటనకి వీళ్లను వెంట తీసుకెళ్లాడు. ఆ మొదటి భాగం తగ్గుతూ తగ్గుతూ రెండోదాన్ని అందుకునే చోటే పాట మజా. షఫుల్‌లో పెడితే అది పోతుంది. ఆల్బమ్ వరసలోనే వినండి.

లోపం లేదా అంటే ఉంది. ‘దీజ్ హ్యాండ్స్’ సర్కస్ బఫూన్ పాట మొదటిసారి నవ్విస్తుంది, నాలుగోసారికి చెయ్యి తర్వాతి పాట మీదికి పోతుంది.

ద బ్లాక్ ఆల్బమ్ (1980)

రెండు డిస్కుల ఎల్‌పీ, ఎక్కువ భాగం వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో తీసింది. బేస్‌కి ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్‌లోంచి పాల్ గ్రే వచ్చాడు. అతను వాయించేది తాళం మోసే బేస్ కాదు, పక్కనే ఇంకో బాణీ. ‘వెయిట్ ఫర్ ద బ్లాకవుట్’లో గొంతుని కాసేపు పక్కనపెట్టి బేస్ ఒక్కదాన్నే వెంబడించండి, అర్థమవుతుంది.

దీని నాలుగు వైపులూ ఒకటి కాదు. మొదటి రెండు వైపులు పాటలు. మూడో వైపు మొత్తం ‘కర్టెన్ కాల్’ అనే ఒకే పాట, 17 నిమిషాలు. నాలుగో వైపు 1980 జులైలో షెప్పర్టన్‌లో చేసిన కచేరీ. ‘హిస్టరీ ఆఫ్ ద వరల్డ్’ పాటకి హాన్స్ జిమ్మర్ పనిచేశాడు. తర్వాత హాలీవుడ్ సినిమాలకి సంగీతం కట్టిన జిమ్మరే. కవరు మీద అతను ఆ పాటని ‘అతిగా నిర్మించాడు’ అని ఎకసెక్కంగా రాశారు. వింటే ఆ మాట అబద్ధం కాదని తెలుస్తుంది, కానీ పాట బాగుంది.

పంక్ కోసం వచ్చినవాళ్లు ‘కర్టెన్ కాల్’ దగ్గర లేచిపోతారు. ప్రోగ్రెసివ్ రాక్ అలవాటున్నవాళ్లు దానికోసమే వస్తారు. మీరు ఏ గుంపో తెలియకపోతే ముందు ‘థర్టీన్త్ ఫ్లోర్ వెండెట్టా’ వినండి. ఐదు నిమిషాల ఆ చీకటి నచ్చితే 17 నిమిషాలు తట్టుకుంటారు.

స్ట్రాబెర్రీస్ (1982)

పాత వేగం మాత్రమే కావాలని అరిచే జనానికి కొత్త పాటలు వినిపించడమంటే పందికి స్ట్రాబెర్రీలు పెట్టడమేనని బ్యాండ్‌లో ఒక మాట ఉండేది. మన గాడిదకీ గంధానికీ ఉన్న సామెత లాంటిదే. పేరు అక్కడినుంచి వచ్చింది. మొదటి ముద్రణల్లో పాటల కాగితాన్ని గోకితే స్ట్రాబెర్రీ వాసన వచ్చేది.

పల్లవి నోట్లో ఆడాలి, బాణీ గుర్తుండిపోవాలి అనుకునే శ్రోతకి ఈ జాబితాలో అందరికంటే ముందు ఇవ్వాల్సింది ఇదే. ‘ఇగ్నైట్’ పాత వేగంతో మొదలవుతుంది. ‘స్ట్రేంజర్ ఆన్ ద టౌన్’లో సోల్ సంగీతపు ఊపు ఉంటుంది. ‘లైఫ్ గోస్ ఆన్’ సెన్సిబుల్ పాడాడు. దాని గిటారు వరస వినగానే నిర్వాణ అభిమానులకి ‘కమ్ యాజ్ యు ఆర్’ తలపుకొస్తుంది. తొమ్మిదేళ్ల ముందు వచ్చింది ఇది. నష్టమేమిటంటే, ఈ ఆల్బమ్‌లో ప్రమాదం తక్కువ. గిటారు పదును తగ్గింది. అదే ఏడాది సెన్సిబుల్ సొంతంగా విడుదల చేసిన ‘హ్యాపీ టాక్’ బ్రిటన్‌లో ఒకటో స్థానానికి పోయింది. 1984కల్లా బ్యాండ్‌లోంచి బయటికొచ్చేశాడు.

ఫాంటాస్మగోరియా (1985)

సెన్సిబుల్ లేని డ్యామ్డ్. ఎంసీఏ అనే పెద్ద కంపెనీ, నిర్మాత జాన్ కెల్లీ, కవరు మీద శ్మశానం. వేనియన్ వేషానికి సంగీతం ఎట్టకేలకు సరిపోయింది. ‘గ్రిమ్లీ ఫీండిష్’ 21, ‘ద షాడో ఆఫ్ లవ్’ 25, ‘ఈజ్ ఇట్ ఎ డ్రీమ్’ 34. ఒకే ఆల్బమ్‌నుంచి మూడు పాటలు మొదటి నలభైలోకి వెళ్లాయి.

సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, బౌహౌస్ లాంటి గోత్ బ్యాండ్లు వినేవాళ్లకి ఇదే ద్వారం. ‘స్ట్రీట్ ఆఫ్ డ్రీమ్స్’తో మొదలుపెట్టండి. పంక్ కోసం వచ్చినవాళ్లకి మాత్రం ఇది అసలు అదే బ్యాండేనా అనిపిస్తుంది, ఆ అనుమానానికి న్యాయం ఉంది. డ్రమ్స్ చుట్టూ 1985 నాటి గుహ ప్రతిధ్వని. రెండో వైపు మొదటిదానికి సాటిరాదు, చివరి ‘ట్రోజన్స్’ మాటల్లేని భర్తీ సరుకు.

ఇంకో సంగతి. వీళ్ల అతిపెద్ద హిట్ ‘ఎలోయిజ్’ (3వ స్థానం) 1986లో విడిగా వచ్చిన సింగిల్. 1968లో బ్యారీ రయాన్ పాడిన పాట. అసలు ఆల్బమ్‌లో ఇది లేదు. దానికోసమే పాత ఎల్‌పీ కొంటే చెయ్యి ఖాళీ. తర్వాత వచ్చిన ‘ఎనీథింగ్’ (1986) పేరుకు తగ్గట్టే ఉంది, వదిలేయొచ్చు. ‘లవ్’ అనే బ్యాండ్ పాట ‘అలోన్ అగెయిన్ ఆర్’ ఒక్కటి ఏరుకోండి.

2001 తర్వాత

1996లో వేనియన్, సెన్సిబుల్ మళ్లీ కలిశారు. ‘గ్రేవ్ డిసార్డర్’ (2001) ఆఫ్‌స్ప్రింగ్ బ్యాండ్ గాయకుడి కంపెనీ నైట్రోలో వచ్చింది. బేస్ ప్యాట్రీషియా మోరిసన్. 13 పాటలు, నాలుగు తక్కువైతే ఇంకా గట్టిగా ఉండేది. కొత్త శతాబ్దపు డ్యామ్డ్‌లో గిటారు బరువు కావాలంటే ఇదే.

‘ఈవిల్ స్పిరిట్స్’ (2018) డేవిడ్ బోవీతో పనిచేసిన టోనీ విస్కాంటీ నిర్మించాడు. పది పాటలే. పాల్ గ్రే తిరిగొచ్చాడు, బేస్ మళ్లీ పాడింది. వేనియన్ గొంతు ఆరు పదులు దాటాక ఇంకా లోతుకి దిగింది. ‘స్టాండింగ్ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ టుమారో’ వినండి. వేగం కోసం మాత్రం దీని దగ్గరికి రావద్దు.

ఎవరికి ఏది

సెక్స్ పిస్టల్స్, రమోన్స్ ఇప్పటికే విని ఉంటే: 1977, వెంటనే 1979. మధ్యలో వేరేది వద్దు.

మెటల్ వినేవాళ్లు: మెషీన్ గన్ ఎటికెట్. ఆల్జీ వార్డ్ తర్వాత ట్యాంక్ అనే మెటల్ బ్యాండ్ పెట్టింది ఊరికే కాదు.

బాణీ ముఖ్యం, అరుపులు పడవు అనుకుంటే: స్ట్రాబెర్రీస్, తర్వాత ఈవిల్ స్పిరిట్స్. ఈ రెంటినుంచీ వెనక్కి 1979కి నడవడం తేలిక. 1977తో మొదలుపెట్టి ముందుకి రావడం వీళ్లకి కష్టం.

పింక్ ఫ్లాయిడ్ అభిమానులు ‘మ్యూజిక్ ఫర్ ప్లెజర్’ వైపు వెళ్తారు, నిక్ మేసన్ పేరు చూసి. వెళ్లొద్దు. మీకు కావాల్సింది బ్లాక్ ఆల్బమ్ మూడో వైపు.

ఒక్క గంటే ఉంది, అన్నీ రుచి చూడాలంటే ఈ వరస: న్యూ రోజ్, నీట్ నీట్ నీట్, లవ్ సాంగ్, ప్లాన్ 9 చానెల్ 7, స్మాష్ ఇట్ అప్ రెండు భాగాలూ, వెయిట్ ఫర్ ద బ్లాకవుట్, థర్టీన్త్ ఫ్లోర్ వెండెట్టా, ఇగ్నైట్, లైఫ్ గోస్ ఆన్, స్ట్రీట్ ఆఫ్ డ్రీమ్స్, ఎలోయిజ్, స్టాండింగ్ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ టుమారో. ఎక్కడ చెయ్యి రిపీట్ మీదికి పోయిందో ఆ ఆల్బమే మీది.

డబ్బు పెట్టేముందు

వీళ్లు అరడజనుకి పైగా కంపెనీలు మారారు. స్టిఫ్, చిజ్విక్, బ్రాంజ్, ఎంసీఏ పాటలు వేరువేరు యజమానుల చేతుల్లో ఉన్నాయి. కాబట్టి ‘బెస్ట్ ఆఫ్’ అని కనిపించగానే కొనెయ్యకండి. ‘న్యూ రోజ్’, ‘లవ్ సాంగ్’, ‘ఎలోయిజ్’ మూడూ ఉన్నాయా, ఉంటే అవి స్టూడియో రికార్డింగులేనా అని వెనక అట్ట చూడండి. పేరు తెలిసిన పాటలే, తీరా వింటే తర్వాతెప్పుడో చేసిన కచేరీ రికార్డింగులు అయ్యే సంకలనాలు లెక్కలేనన్ని ఉన్నాయి. మూడు కాలాలూ ఒకచోట కావాలంటే 2019 నాటి ‘బ్లాక్ ఈజ్ ద నైట్’ నమ్మదగ్గది.

బ్లాక్ ఆల్బమ్ కొనేటప్పుడు పాటల జాబితాలో ‘కర్టెన్ కాల్’ ఉందో లేదో చూడండి. ఒకే డిస్కుకి కుదించిన ముద్రణలూ తిరుగుతున్నాయి. కచేరీ భాగం నచ్చితే ‘లైవ్ షెప్పర్టన్ 1980’ విడిగా దొరుకుతుంది. ‘బ్లాక్ ఆల్బమ్’ అని వెతికేటప్పుడు బ్యాండ్ పేరు తప్పకుండా జతచేయండి, లేకపోతే అదే పేరుతో పిలిచే మెటాలికా ఆల్బమ్ వచ్చి కూర్చుంటుంది.

అసలు ముద్రణలు సేకరించేవాళ్లకి ఒక ఎర ఉంది. మొదటి ఆల్బమ్ తొలి కాపీలు కొన్నిటి వెనక అట్ట మీద డ్యామ్డ్ ఫొటో బదులు ఎడ్డీ అండ్ ద హాట్ రాడ్స్ ఫొటో ఉంటుంది, పొరపాటుకి చింతిస్తున్నామన్న స్టిక్కరుతో సహా. పొరపాటు కాదు, స్టిఫ్ కావాలని ఆడిన ఆట. ఆ కాపీ ధర వేరే లెక్క, సంగీతం మాత్రం అదే. అప్పట్లో ఆ హాట్ రాడ్స్ బేసిస్టు పాల్ గ్రే. 1980లో అతను నిజంగానే డ్యామ్డ్‌లోకి వచ్చాడు.

కచేరీలో తొలి నలుగురూ కావాలనుకునేవాళ్లకి 2022 చివర్లో లండన్, మాంచెస్టర్, గ్లాస్గో, బర్మింగ్‌హామ్‌లలో జరిగినవే ఆఖరివి. బ్రయాన్ జేమ్స్ 2025 మార్చి 6న కన్నుమూశాడు. స్కేబీస్ డ్రమ్స్ దగ్గరికి తిరిగొచ్చాడు కాబట్టి ఇప్పటి కచేరీల్లో వినిపించేది 1977 వరస కాదు, దాదాపుగా బ్లాక్ ఆల్బమ్ వరస: వేనియన్, సెన్సిబుల్, స్కేబీస్, గ్రే. టికెట్టు కొనేవాళ్లు ముందు వినాల్సిన ఆల్బమూ అదే.